మెట్ల మీది మాట

"స్లోవాక్ కన్నా పెరూ కొండల్లోని క్వెచువా మాట్లాడేవాళ్లే ఎక్కువండీ. కానీ పట్నం వచ్చాక చాలామంది ఆ భాషలో నోరు విప్పరట," అంది స్వరూప. నాచారం ఆఫీసులో ఇద్దరూ ఒక వెబ్‌సైట్ కోసం ఆ రెండు భాషల్నీ పోల్చి రాస్తున్నారు.

"ఎందుకూ?" అంది సీనియర్ ప్రసూన.

"స్లోవాక్ వాళ్లలా సొంత దేశం లేదు కదండీ. మాట్లాడితే నవ్వుతారట."

"ఛ! మాట విని నవ్వడమేంటి, పాపం!"

స్వరూప బిత్తరపోయింది. చేరిన కొత్తలో తను "గిట్లెట్లయితది?" అంటే, అనుకరించి గదంతా నవ్వించింది ఈవిడే. అప్పటినుంచీ ఇక్కడ అరువు యాసే. అమ్మ ఫోన్ చేస్తే మెట్ల మీదికి పరుగే.

ఫోన్ మోగింది. అలవాటుగా లేచిన స్వరూప, మళ్లీ కూర్చుంది.

"పక్కన ఎవరన్న ఉన్నరా బిడ్డా?" అమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"అందరున్నరమ్మా. ఇననియ్యి."