ముందు చిన్నోడు

రక్తం ఇద్దరికీ కారుతోంది. బండి ఒక్కటే ఉంది.

పినపాక దాటాక అడవి అంచున వీరన్న మామిడి తోట. కొత్త రోడ్డు కాంట్రాక్టు దక్కిందని ఆ మధ్యాహ్నం అక్కడ దావత్ ఇచ్చాడు. మందు తలకెక్కాక కొట్లాట మొదలైంది. అందరూ చుట్టూ మూగి ఈలలు వేశారే తప్ప ఆపినవాడు లేడు. చివరికి వీరన్నే విడదీయమని కేక వేస్తే, అతని పనివాడు భద్రు మధ్యలో చేతులు పెట్టాడు. కత్తి ముందు చిన్నోడి డొక్కలో దిగింది. ఆ ఊపులోనే వచ్చి భద్రు తొడలో దిగింది.

చిన్నోడంటే వీరన్నకు పంచప్రాణాలు. అయితే రోజూ ఒళ్ళు పట్టేదీ, గుడ్డు ఉడికించి పెట్టేదీ, వాగులో ఈత కొట్టించేదీ భద్రే. సొంత పిల్లలకు అందులో సగం కూడా చేసి ఎరగడు.

భద్రు భార్య సోని ఆ రోజు దావత్‌లో వంటకు వచ్చింది. తండా అంగన్‌వాడీలో ఆయా. ఎవరికైనా దెబ్బ తగిలితే ఏం చేయాలో మొన్నీమధ్యే మండలంలో రెండు రోజులు కూర్చోబెట్టి నేర్పించారు. మొగుడి తువ్వాల మడతపెట్టి తొడ మీద రెండు చేతులతో అదిమి పట్టింది. తువ్వాల తడిసిపోయింది. దాన్ని తీయకుండా పైన కొంగు పెట్టి మళ్ళీ అదిమింది.

ఊళ్ళో సూదులేసే బొజ్జయ్య కూడా దావత్‌కు వచ్చాడు. అతని మందుల పెట్టె ఎప్పుడూ బైకు మీదే ఉంటుంది. సోని పిలిచిన పిలుపుకు పెట్టె పట్టుకుని ఉరికి వచ్చాడు గానీ, సోని వైపు కాదు.

ఆ తర్వాత జరిగిందంతా సోని గాయం అదిమి పట్టుకునే చూసింది. వీళ్ళకు అన్నీ తెలుసు. శుభ్రమైన దూదితో అదిమి పట్టాలని తెలుసు. నీడకు మార్చి, జనాన్ని వెనక్కి నెట్టి, గాలి ఆడనివ్వాలనీ తెలుసు. ఇంతసేపూ ఈలలు వేసిన వెధవలే ఇప్పుడు నర్సమ్మల్లా మెత్తగా మాట్లాడుతున్నారు. ఒక్క సూదిని పదిమందికి పొడిచే బొజ్జయ్య, చేతులకు స్పిరిట్ రాసుకుని, కొత్త సూది ప్యాకెట్ చింపి చిన్నోడికి ఐదు కుట్లు వేశాడు. ఒళ్ళు చల్లబడకూడదని వీరన్న తనకు కప్పిన సన్మానం శాలువా తీసి చిన్నోడికి కప్పాడు.

సోని తన మొగుడిని కూడా చూడమంది.

"దూది అయిపోయింది. నువ్వే గట్టిగ పట్కో" అన్నాడు బొజ్జయ్య, తల తిప్పకుండానే.

సోని ఒక చేత్తో 108కి ఫోన్ చేయబోతే వీరన్న డ్రైవర్ లచ్చయ్య దాన్ని లాక్కున్నాడు. అంబులెన్స్ వెనకాలే పోలీసులు దిగుతారట. తోటలో బైకులకు కొదవ లేదు. వాటి సొంతదారులే నిలబడలేక చెట్లకు ఆనుకుని ఉన్నారు. ఒకడు భద్రు పక్కనే వాంతి చేసుకుని, ఆ మూతి తుడుచుకోకుండానే, చిన్నోడు బతకాలని భద్రాద్రి రాముడికి మొక్కుకున్నాడు.

భద్రు పెదాలు తెల్లబడుతున్నాయి. సోని చెయ్యి తీయకుండానే వీరన్నను బతిమాలింది.

"కాల్మొక్త అన్నా. ఇద్దర్నీ ఒక్కసారే తీస్కపో."

"సీట్ల చిన్నోడుండాలె. మీరు వెనక ఎక్కుండ్రి."

జీపు వెనక స్టెప్నీ టైరు, ఖాళీ బీరు పెట్టెలు ఉన్నాయి. వాటి మధ్య భద్రును మూటలా కుక్కారు. కాలు ఎత్తులో ఉంచాలని నేర్పారు గానీ అక్కడ చాపడానికే చోటు లేదు. సోని ఆ కాలును తన భుజానికి ఆనించుకుని కూర్చుంది. బీరు కంపు, రక్తం కంపు కలిసి ముక్కులు పగిలిపోతున్నాయి.

గుంతలో పడ్డప్పుడల్లా వీరన్న బండిని మెల్లగా పోనిమ్మన్నాడు. కుట్లు తెగుతాయట. సోని జల్దీ పొమ్మని అరిచింది. లచ్చయ్య జీతమిచ్చేవాడి మాటే విన్నాడు.

"చిన్నోడికి రక్తం ఆగిందా?" అని అడిగాడు భద్రు.

సోనికి మొగుడి చెంప పగలగొట్టాలనిపించింది. థూ, ఏం బతుకు.

"ముందు నీకు ఆగాలె. కండ్లు మూయకు, మాట్లాడుకుంట ఉండు" అంది.

స్పృహ తప్పకుండా మాట్లాడించింది. కూతురి పేరు అడిగింది. కళ్యాణి అన్నాడు. ఏ క్లాసని అడిగింది. ఆరు అన్నాడు. మళ్ళీ పేరు అడిగితే జవాబు రాలేదు.

మణుగూరు వచ్చింది. సర్కారు దవాఖానా గేటు కనిపించింది. బండి ఆగలేదు.

"అన్నా, దవాఖానా గిదే. ఆపు."

"మొదలు చిన్నోడిని దింపుత. పది నిమిషాల్ల మిమ్మల్ని మల్ల గీడికే తోల్కొస్త" అన్నాడు వీరన్న. అతని గొంతులో ఏడుపు ఉంది.

సోని అద్దం మీద తలతో కొట్టింది. చేతులు మాత్రం తీయలేదు. ఇందాకటి దాకా గుడ్డ కింద వెచ్చగా ఊరుతున్నది ఇప్పుడు ఊరడం లేదు. ఆగిందో, అయిపోయిందో ఆమెకు తెలియలేదు.

రెండు సందులు తిరిగి బండి పశువుల దవాఖానా ముందు ఆగింది, వీరన్న శాలువాలో చుట్టిన కోడిపుంజును గుండెకు హత్తుకుని దిగాడు.