శాంపిల్ మట్టి

డొంకూరు ఒడ్డున కారు ఆగింది. తలపాగా, నెరిసిన గడ్డం ఉన్న మనిషొకడు దిగి, ఇసకలో మూడుకాళ్ల కెమెరా స్టాండు నిలబెట్టాడు.

"సర్వేవోడు మళ్లీ వచ్చీసినాడ్రోయ్!" అరిచాడు ఢిల్లీరావు.

అంతే. వలలు బాగుచేసుకుంటున్నవాళ్లంతా లేచి చుట్టుముట్టారు. పోర్టు కడతామంటూ ఒడ్డంతా కొలిచి, డబ్బాల్లో మట్టి పట్టుకుపోయిన కంపెనీవాళ్లంటే ఆ ఊరికి ఒళ్లుమంట.

వచ్చినతనికి తెలుగు రాదు. జేబులోంచి కాగితం తీసి తడుముకుంటూ చదివాడు.

"సింహాద్రి... వారసులు... ఎవరు?"

"సూసినావా మావా! వారసుల్ని అడుగుతున్నాడు. భూమి కాయితాలకే!" అన్నాడు ఢిల్లీరావు పక్కవాడితో.

నీలమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. ఎనభై మూడేళ్ల మనిషి. సింహాద్రి ఆమె తండ్రి. ఆమె కడుపులో ఉండగా పటాలంలోకి పోయి తిరిగి రాలేదు. రంగూన్‌లో ఇంకోదాన్ని కట్టుకున్నాడని ఊరంతా అంది. తల్లి మాత్రం చచ్చేదాకా బొట్టు చెరపలేదు, ఆయనకు దినం చెయ్యనివ్వలేదు. ఆ తండ్రి ముఖం ఎలా ఉంటుందో నీలమ్మకు నేటికీ తెలియదు.

"సింహాద్రి మా అయ్య! ఆ పేరు సెప్పి మా ఒడ్డు కాజేద్దారని వచ్చినావేట్రా?"

"బేటీ? సింహాద్రి బేటీ?"

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. సంచిలోంచి చిన్న రేకుడబ్బా తీసి రెండు చేతులతో ఆమె ముందు పట్టాడు.

ఢిల్లీరావు మూత లాగాడు. లోపల నల్లమట్టి.

"అప్పుడే శాంపిల్ తీసీసినాడు ముసిలి దొంగ!"

నీలమ్మ డబ్బా లాక్కుని మట్టి అలల్లో కుమ్మరించింది. ఆ ఒడ్డున ఎక్కడ తవ్వినా నల్లమట్టి దొరకదు. కోపంలో ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు.

స్టాండు విరగ్గొట్టారు. నోటికొచ్చినట్టు తిట్టారు. అతను నీళ్లలో మోకాళ్ల మీద కూలబడి కాసేపు దేవులాడాడు. తర్వాత ఖాళీ డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

ఆర్నెల్లకు, పలాసలో చదువుతున్న మనవరాలు భాగ్యశ్రీ ఫోన్ పట్టుకుని పరుగున వచ్చింది.

"మామ్మా, ఇది సూడు! యుద్ధం మీద తీసిన డాక్యుమెంటరీ. మన సిపాయిల్ని జపానోళ్లు ఖైదీలు సేసి, పసిఫిక్ సముద్రంలో దీవికి తోలుకుపోయినారట."

తెర మీద, ఖైదీల్ని విడిపించినప్పుడు తీసిన పాత బొమ్మల్లో, ఎముకల గూళ్లలాంటి మనుషులు. ఒకడు పారాచ్యూట్ దారాలతో వల అల్లుతున్నాడు. భాగ్యశ్రీ అక్కడ బొమ్మ ఆపింది.

"ఈయన సేపలు పట్టి, జబ్బు సేసిన నలభై మందిని బతికించినాడట. విడుదలైన వారానికే జొరంతో పోయినాడట. పేరు సింహాద్రి. ఊరు డొంకూరు."

నీలమ్మ తెరను వేలితో తడిమింది. అచ్చం తన పెద్దకొడుకు ముక్కే.

"మా అయ్యేనే..." ఆమె మనవరాలి వైపు తిరిగింది. "ఇది తీసినోడు ఎవుడే?"

చివర్లో తలపాగా మనిషి కనిపించాడు. చేతిలో ఖాళీ రేకుడబ్బా.

అతని మాటలకు కింద పడుతున్న తెలుగు అక్షరాల్ని భాగ్యశ్రీ చదివింది.

"ఆ నలభై మందిలో ఒకరి కొడుకుని నేను, సింహాద్రి గారి సమాధి మట్టి డొంకూరు తీసుకెళ్తే, ఆయన కూతురు తన చేత్తోనే సముద్రంలో కలిపింది."