వెదురు అడ్డం

దగ్గరికి జరగండి, ఇంకొంచెం దగ్గరికి. ఇది గోదారి గాలి కథ. దూరంగా కూర్చుంటే మాట ఆ గాలికే పోతుంది.

ప్రమీల సైకిలు తొక్కుతూనే వెనక్కి అరిచింది. "జరుగు బావా. నా ఎనక నక్కి రావొద్దు. సార్ పొద్దున ఏం చెప్పిండు?"

"గాలి నీ అయ్య సొమ్మా మరదలా?" అన్నాడు బలరాం, ఆమె వెనక చక్రానికి జానెడు దూరంలో. అతను ఆమె అక్క మొగుడు. ఆ వరస ఉంటే చాలు, నోటికి ఏదొస్తే అది అనొచ్చనుకునే మనిషి.

ఆ రోజు పోటీలో ముందు గోదారి ఈదాలి, తర్వాత అడవి రోడ్డు మీద ఒక ఊరిదాకా సైకిలు తొక్కి తిరిగి రావాలి, ఆపైన రేవు ఇసుకలో పరుగెత్తాలి. ఇట్లాంటి పోటీలు సముద్రం ఒడ్డున పెడతారట. భద్రాచలం దగ్గర సముద్రం ఎక్కడిది? గోదారి ఉంది, మనిషిని తోసేసే ఎండాకాలపు గాలి ఉంది, చాల్లే అనుకున్నాడు పోటీ పెట్టిన తుల్సీరాం సారు. వచ్చినవాళ్లు కొద్దిమందే. అందరికంటే ముందున్నది ఈ ఇద్దరే.

ముందున్నవాళ్ల చాటున నక్కితే వెనకవాడికి గాలి తగలదు. పోటీలో అది తప్పు. కానీ ఆ టేకు చెట్ల మధ్య చూసేదెవరు? ఎదురుగాలి, దుమ్ము, ఎండుటాకులు అన్నీ ప్రమీల మొహానికే. వెనక బలరాం హాయిగా ఈల వేస్తున్నాడు.

ఉత్త పోటీ అయితే పోనీ అనుకునేది. పందెం ఉంది. ఆడోళ్లు ఇసుకదాకా కూడా రాలేరని బలరాం ఇంటిల్లిపాది ముందు ఎద్దేవా చేస్తే, కోపంలో నోరు జారింది. అతను ముందొస్తే తన సైకిలు అతనిదే. పాల్వంచలో షిఫ్టుకు ఆమె పోయేది ఆ సైకిలు మీదే. అది పోతే మళ్లీ పాత బతుకే. బావ బండి వెనక కూర్చొని, దారి పొడుగునా అతని మాటలు పడుతూ పోవాలి.

ఊరి మొదట్లో రోడ్డుకు అడ్డంగా వెదురు బొంగు. దాని వెనక ఇరవై మంది ఆడవాళ్లు చేతులు పట్టుకొని ఆడుతూ పాడుతున్నారు. ఆ రోజు వాళ్ల భూమి పండుగ, విత్తనాలు చల్లే ముందు చేసుకునేది. పండుగనాడు ఆ దారిన పోయే ఏ బండైనా ఆగాలి, చందా ఇచ్చి కదలాలి.

"అమ్మా, పోటీల ఉన్న. అడ్డం తీయుండ్రి" అంది ప్రమీల పళ్లు బిగించి.

వాళ్లలో పెద్దది కన్నమ్మ. ప్రమీలను పైనుంచి కిందిదాకా చూసింది. "నీ బట్టలకు జేబే లేకపాయె బిడ్డా, చందా ఏమడుగుతం? మాతోటి ఒక చుట్టు ఆడిపో."

బలరాం ఆడలేదు. మీ ఎగురుడుకు నాకు టైము లేదంటూ సైకిలు భుజాన వేసుకొని, పక్క గుంటలో దిగి అవతలికి పోయాడు. వాళ్లు తిట్టిన తిట్లను గాలి వాళ్ల మీదికే తిప్పి కొట్టింది.

ప్రమీలకూ ఆ గుంటే కనిపించింది. కానీ పండుగ చేసుకుంటున్నవాళ్లను కాదని తోసుకుపోవడం ఆమెకు చేతకాలేదు. ఆడింది. ఎంత మంటతో ఆడిందంటే, పక్కనున్న పిల్ల ఆ అడుగులకు జడిసి చెయ్యి వదిలేసింది. ఆ చుట్టు అయ్యేలోపే బలరాం ఊరవతల, వెనక్కి తిరిగే చోట పాతిన బోర్డును చుట్టేసి, మళ్లీ అదే గుంటలోంచి వెనక్కి వచ్చి, చెయ్యి ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

కన్నమ్మ ఆమె నొసటికి తడి పసుపు మందంగా రాసింది. "ఇంటికి పోయేదాక తుడవకు బిడ్డా. తుడిస్తే మా ఇత్తులు మొలవయి."

ప్రమీల బోర్డు దగ్గరికి పోయింది. తిరిగే ఊళ్లో గుర్తు వేయించుకోనిదే రావొద్దని, వచ్చినా లెక్కకు రాదని పొద్దున సారు మరీమరీ చెప్పాడు. అప్పుడు బలరాం ఫొటోలు దిగుతూ వినలేదు కానీ ఆమె విన్నది. తీరా చూస్తే బోర్డు కాడ నరపురుగు లేదు. ఆమెకు సారు మీదా కోపం వచ్చింది, బావ మీదా, పండుగ మీదా. తిరుగుదారంతా చెమటకు పసుపు కరిగి కంట్లోకి దిగి మండింది. తుడుచుకోవాలని రెండుసార్లు చెయ్యి లేచింది. ఇంకెవరి విత్తనాలో ఎండబెట్టి నేనేం బాగుపడతానని దించేసింది. ఒంటికన్నుతోనే తొక్కింది, ఒంటికన్నుతోనే ఇసుకలో పరుగెత్తింది.

అయినా బలరామే ముందొచ్చాడు. ఆమె గీత దాటేసరికి ఆమె సైకిలు మీద కూర్చొని బెల్లు కొడుతున్నాడు.

"రా మరదలా, ఎనక కూసో. దింపుత."

ప్రమీల అతని మొహం చూడలేదు. సరాసరి తుల్సీరాం సారు మీదికి పోయింది. "ఏం పోటీ సార్ ఇది? గుర్తు ఏసే మనిషి లేకుంట బోర్డు ఎందుకు పాతిర్రు? ఎవడు సక్కగ పోయిండో, ఎవడు గుంటల పడి పోయిండో మీకెట్ల ఎరుక?"

సారు నిదానంగా ఆమె మొహంలోకి చూశాడు.

"పండుగనాడు వెదురు తీసేది లేదని ఆ ఆడోళ్లు పట్టుబట్టిర్రమ్మా. అయితే గుర్తు కూడ మీరే ఏయుండ్రని వాళ్లకే ఒప్పజెప్పిన. ఏయలేదంటవేంది, నీ నొసట ఉన్నదేంది మరి?"

బెల్లు ఆగిపోయింది. బలరాం చెయ్యి మెల్లగా తన నొసటి మీదికి పోయింది. అక్కడ చెమట, దుమ్ము తప్ప ఏమీ లేదు.

ఈ కథ యాదిలో పెట్టుకోండి, మీవాళ్లకూ చెప్పండి. ఒక్కటే మాట. ఆ పసుపు దేనికో ముందే చెప్పెయ్యకండి. బలరాంను ఇంకాసేపు బెల్లు కొట్టుకోనివ్వండి.