సీట్లో బరువు

తెల్లారితే రేసు. తండ్రి ప్రాణం తీసిన పాత కారులోనే తనూ దిగుతానని బెరిల్ భీష్మించుకుంది. మలుపుల్లో కారు తూలకుండా నాలుగు చక్రాల కిందా కాటాలు పెట్టి, డ్రైవరు సీట్లో తన బరువుకు సరిపడా ఇసుక సంచులు వేసి, స్ప్రింగులు సరిచేసింది.

"అయింది క్లైవ్, సంచులు దించెయ్," అంది తమ్ముడితో, కాటా మీంచి చూపు తిప్పకుండా.

"దించేసి ఎంతసేపైందో! నిద్రపోతున్నావా?"

నిజమే, సంచులు గోడవారన ఉన్నాయి. సీటు ఖాళీ. కాటాలో అంకె మాత్రం తగ్గకపోగా పెరిగింది. నాన్న తనకంటే బరువైన మనిషి.

షెడ్డు కప్పు మీద అప్పటిదాకా మోగుతున్న యార్క్‌షైర్ వాన ఆగిపోయింది.

"ఇంటికి పోదాం, బెరిల్," అన్నాడు క్లైవ్ గొంతు తగ్గించి.

ఆమె పానా అందుకుంది. "సంచులు మళ్ళీ వెయ్యి. ఇద్దరి బరువుకీ సరిచెయ్యాలి."

అతను సంచి ఎత్తాడు. ఇంకా సీట్లో పెట్టనేలేదు, తోలు కిర్రుమంది, ఎవరో చోటిస్తూ పక్కకు జరిగినట్టు.