కుండ మీద పరీక్ష

రండి, ఇలా దగ్గరికి జరగండి. ఓ బాబాయ్, ఆ ఫోను జేబులో పెట్టు. అమ్మాయ్‌లూ, మీ గుసగుసలు తర్వాత.

ఆత్రేయపురంలో మొక్కల నర్సరీ నడిపే తలుపులమ్మ ఆ మధ్యాహ్నం, మొక్కల వేళ్లని తడిగా ఉంచే జెల్ బస్తాలో చెయ్యి పెట్టి, గుప్పెడు పలుకులు తీసి, వాసన చూసి, ఒక్క అరుపు అరిచింది.

"ఇందులో మట్టి కలిపావు!"

"కలిపామండి," అన్నాడు ఆ బస్తా అమ్మడానికి తెచ్చిన లోకనాథ్, నవ్వుతూ.

అంత తొందరగా ఒప్పేసుకునేసరికి ఆవిడ అనుమానం రెట్టింపైంది.

"సన్న బంకమట్టండి. అది కలిస్తేనే జెల్ వేడికి తట్టుకుంటదండి. లేపోతే ఎండకి జావైపోద్ది."

"గోదారి ఒడ్డున కాపురముండి నేను మట్టి కొనుక్కోవాలా?"

బయట లారీ సిద్ధంగా ఉంది. గులాబీ మొక్కలు నాగపూర్ వెళ్లాలి. నీళ్లు పీల్చుకున్న జెల్‌ని వేళ్ల చుట్టూ పెట్టి కట్టాలి. దారిలో జెల్ చెడిందా, మొక్కలు ఎండుతాయి. ఎండిన మొక్కలు దించితే అక్కడి వ్యాపారి మళ్లీ ఆవిడ గుమ్మం తొక్కడు. ఎండ చూస్తే, కాకులు ఎగరడం మానేసి లారీ నీడలో నడిచి వెళ్తున్నాయి.

"ఉండు, నీ మట్టి సంగతి తేలుస్తా," అంది తలుపులమ్మ.

అరుగు మీద పూతరేకులు తీసే కుండ బోర్లించి ఉంది. కింద కొబ్బరాకుల మంట. నానబెట్టిన జెల్‌ని ఆవిడ ఆ కుండ మీద పల్చగా పూసింది. మట్టి కలపని పాత జెల్ అటుపక్క, లోకనాథ్ జెల్ ఇటుపక్క. అప్పుడే నిద్ర లేచిన లారీ డ్రైవర్ అబ్బులు, ఆవలిస్తూ వచ్చి ఇటుపక్క చతికిలబడ్డాడు.

అటుపక్క చిటపటమంది. గుప్పున పొగ లేచింది. తలుపులమ్మా, లోకనాథూ అటు పరిగెత్తారు. పాత జెల్ నల్లగా మాడి కుండకి అతుక్కుపోయింది.

"చూశారాండీ!" అని లోకనాథ్ చంకలు గుద్దుకున్నాడు.

ఇటుపక్కకి వచ్చి చూస్తే కుండ నున్నగా మెరుస్తోంది. జెల్ లేదు.

"ఓరి నాయనో! పాతదానికి మసైనా మిగిలింది. నీది మొత్తం ఆవిరైపోయింది!"

"జెల్ పోతే పోయిందనుకోండి, మట్టి ఎక్కడికి పోద్దండి? మట్టి ఆవిరవుద్దా అండి?"

తలుపులమ్మ కళ్లు చిన్నవి చేసి అతన్ని ఎగాదిగా చూసింది.

"అంటే నువ్వు మట్టి కలపనేలేదన్నమాట! మట్టి కలిపానని చెప్పి నన్ను మోసం చేస్తావా? తియ్యి బస్తా!"

ఏడుపొక్కటే తక్కువగా లోకనాథ్ బస్తా భుజానికెత్తుకున్నాడు.

అప్పుడు అబ్బులు మూతి తుడుచుకుంటూ లేచాడు.

"పాపం ఆ అబ్బాయినేం అనకండి అమ్మగారూ. రేకు చిరక్కుండా భలే ఊడొచ్చిందండి. మీరే బెల్లం వేయడం మర్చిపోయారు."