రెండు తలుపుల కారవాన్

"ఆ చెక్క ఇటు చివర నన్ను పట్టుకోనివ్వు. ఒక్కడివే ఎందుకు మోస్తావు?" అంది డింప్నా.

మలాకీ ఇవ్వలేదు. ఆరున్నర అడుగుల చెక్క పలకను గుండెకి ఆనించుకుని, తల వంచి, కారవాన్ తలుపులో దూర్చాడు. సగం వెళ్లి ఇరుక్కుంది. లోపల వంటగట్టు అడ్డం. ఎటు తిప్పినా తిరగలేదు.

"ఇది కుదరదు" అన్నాడు బయటికొచ్చి.

డింప్నాకి ఒళ్లు మండింది. కుదరకపోవడమేమిటి? లోపల కట్టెల పొయ్యి ఉంది. చెమ్మ వాసన లేదు. ఆడపిల్లలిద్దరికీ చెరో మంచం. సోమవారం పనివాళ్లు వచ్చి ఇంటి కప్పు విప్పేస్తారు. పది నెలల పని. రోస్‌కామన్‌లో పది నెలలంటే ఎనిమిది నెలలు వానే. అన్నాళ్లూ పెరట్లో ఐదుగురూ తలదాచుకోవాల్సింది ఇలాంటి చక్రాల ఇంట్లోనే. ఎనభై నాలుగేళ్ల అత్తగారికి రెండు చలికాలాలుగా దగ్గు తగ్గింది లేదు. చెమ్మ కొంపలో పడేస్తే ఆమె ఈ చలికాలం దాటదు.

"ఎండలొచ్చేదాకా ఆగుదామంటే వినవు. మంచిది చూపిస్తే వద్దంటావు. టైల్స్ చూసొస్తానని మూడుసార్లు డబ్లిన్ వెళ్లావు, ఒక్క టైలు తెచ్చిన పాపాన పోలేదు. అసలు ఏమైంది నీకు?"

"ఇప్పుడు మొదలుపెట్టకపోతే ఇక ఈ ఇల్లు బాగుపడదు" అన్నాడు మలాకీ. ఈ మాట నెల రోజులుగా అంటూనే ఉన్నాడు.

పాత కారవాన్లు అమ్మే టర్లో చేతులు కట్టుకుని వింటున్నాడు. మొగుడూ పెళ్లాల గొడవలు అతనికి కొత్త కాదు. సగం బేరాలు ఇలాగే మొదలవుతాయి.

"ఇంతకీ ఆ పలకేంటి మలాకీ?" అని అడిగాడు.

"అమ్మ మంచం కొలత."

కారు కిటికీ అద్దం కిందికి దిగింది. వెనక సీట్లోంచి అత్తగారు డీలియా తల బయటపెట్టింది.

"నా మంచమా? ఒరేయ్, అబద్ధమాడటం మీ నాన్నకీ చేతకాలేదు, నీకూ చేతకాదు. అది నా శవపెట్టె కొలత."

టర్లో కట్టుకున్న చేతులు విప్పేశాడు. డీలియా ఆపలేదు.

"మీ నాన్న పోయినప్పుడు ఊరు ఊరంతా ముందు తలుపున వచ్చింది. ఆయన నుదురు తాకి, నా చెయ్యి పట్టుకుని, టీ తాగి, వెనక తలుపున పోయింది. రెండు రోజులు పెట్టె ఇంట్లోనే ఉంది. కప్పు విప్పుతున్నారంటే నాకు అదే బెంగ. నన్ను ఎక్కడ పడుకోబెడతారు, ఆస్పత్రి నుంచి అటే మట్టికి పంపేస్తారా అని. పోనీలే, కన్నవాడివి కాబట్టి తలుచుకున్నావు." పలకను కిందికీ పైకీ చూసింది. "అయినా నేను ఐదడుగులు కూడా లేను కదరా. అంత పొడుగు దాంట్లో అటూ ఇటూ దొర్లుతూ ఉండాలా?"

టర్లో పడీపడీ నవ్వాడు. మలాకీ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

డింప్నాకి మాత్రం నవ్వు రాలేదు. సిగ్గేసింది. తాను పొయ్యి గురించీ మంచాల గురించీ చూసుకుంటుంటే, ఈ మనిషి ఇంత బరువు లోపలే పెట్టుకుని తిరుగుతున్నాడు. దగ్గరకొచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది.

"నాకు ముందే చెప్పొచ్చుగా."

"ఎలా చెప్పను?" అన్నాడు మలాకీ.

ఆవరణ చివర, ముళ్లపొదల పక్కన ఇంకొకటి ఉంది. గోధుమ రంగు వెలిసిపోయి, మూలల్లో నాచు పట్టి ఉంది. లోపల మేక వాసన. కానీ ముందొక తలుపు, వెనకొక తలుపు, మధ్యలో పొడుగాటి గది. మలాకీ పలకను ముందు తలుపున పట్టుకెళ్లాడు. మధ్యలో తిప్పాడు. వెనక తలుపున దిగాడు. ఎక్కడా తగల్లేదు.

"ఇదే" అన్నాడు.

డింప్నా ఈసారి తలూపింది. మేక వాసన కడిగితే పోతుంది అనుకుంది.

మధ్యాహ్నానికల్లా టర్లో ట్రాక్టరు దాన్ని లాక్కొచ్చి పెరట్లో పెట్టింది. గేటుకి దగ్గరగా, గట్టినేల మీద పెట్టించాడు మలాకీ. నలుగురూ వచ్చిపోయే చోటు బురదగా ఉండకూడదన్నాడు. తర్వాత గ్యాస్ సిలిండరు మార్చడం డింప్నా చేత మూడుసార్లు చేయించాడు.

"నువ్వున్నావుగా" అంది ఆమె విసుగ్గా.

"నేర్చుకో. మేస్త్రీతో కూడా సోమవారం నుంచి నువ్వే మాట్లాడు. వాడు నా మాటకంటే నీ మాటకే జడుస్తాడు."

ఆమెకి ఆ మాట నచ్చింది. అత్తగారిని లోపలికి తీసుకెళ్లి కిటికీ పక్కన కూర్చోబెట్టింది, దుప్పటి కప్పింది. ఈ చలికాలం ఆమెని ఎలాగైనా గట్టెక్కించాలని మనసులో గట్టిగా అనుకుంది.

మలాకీ పలకను కారులో వేసుకుని టౌన్‌కి వెళ్లాడు. శవపేటికలు చేసే హౌరికన్ దుకాణం ఇంకా కట్టేయలేదు.

"తిరిగిందా?" అని అడిగాడు హౌరికన్.

"రెండు తలుపుల్లోనూ తిరిగింది."

"ఇంట్లో చెప్పావా?"

"సోమవారం కప్పు విప్పనీ. పని మొదలైతే ఇక ఎవరూ ఆపలేరు. అప్పుడు చెప్తా."

హౌరికన్ చిత్రిక చేతిలోకి తీసుకున్నాడు. పలకను బల్ల మీద తిరగేసి, రోజంతా మలాకీ గుండెకి ఆనుకుని ఉన్న వైపున తానే పెన్సిలుతో రాసిన అక్షరాలను చెక్కేయసాగాడు: "మలాకీ గిల్‌హూలీ, ఆరడుగుల రెండంగుళాలు, క్రిస్మస్ లోపు."