గోడకాడి తాత

"అమ్మా, డబ్బల ఒక్క రొట్టె పెట్టు. సాలు," అంది మనీష.

స్వర్ణ చేయి ఆగింది. రెండో తరగతి చదివే ఈ పిల్ల బడికి తీసుకెళ్లిన డబ్బా ఏనాడూ ఖాళీ చేసి ఎరగదు. పాలకూర కలిపి రొట్టె చేసినా, గుడ్డు ఉడకబెట్టినా, పల్లీలూ బెల్లమూ దంచి ముద్దలు కట్టినా సగం అలాగే ఇంటికి వచ్చేది. ఈ మధ్యనే డబ్బా నున్నగా వస్తోంది.

"ఒక్కటి ఎట్ల సాల్తదే?"

"ఎంత తింటవో అంతే పెట్టిచ్చుకో, పారెయ్యకు అని తాత చెప్పిండు. మిగిలింది తాతే తీస్కుంటడు."

"ఏ తాత?"

"గోడకాడి తాత."

గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటున్న పరమేష్ వెనక్కి తిరిగాడు. కూతురికి తాతలిద్దరూ ఎప్పుడో పోయారు. తమ కొత్తకోటలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని వారం నుంచి అందరి ఫోన్లలో ఒకటే వీడియో.

"ముట్టుకుంటడా నిన్ను?"

"తలకాయ మీద చెయ్యి పెడ్తడు బాపూ."

పరమేష్ షాపు తాళాలు తీసుకుని బయటికి నడిచాడు.

బడికి దగ్గర్లోనే, హైవే పక్కన అతనిది టైర్ల షాపు. అన్నం గంట కొట్టే వేళకు టైర్లు విప్పే రాడ్డు పట్టుకుని బడి వెనక్కి వెళ్లాడు. ప్రహరీ ఒకచోట కూలి సందు పడింది. మాసిన పంచె కట్టిన ముసలివాడు ఆ సందు ముందు కూర్చుని ఉన్నాడు. పిల్లలు మిగిలిన అన్నం తెచ్చి ఆయన బకెట్‌లో వేస్తున్నారు. మనీష వంతు వచ్చింది. ముసలివాడు ఆమె డబ్బాలోకి తొంగి చూసి, నవ్వి, తల మీద చేయి వేశాడు.

మొదటి దెబ్బ భుజం మీద పడింది.

"ఎవడ్రా నువ్వు?"

"ఐలేశం అంటరు సారూ. ఈ అన్నం కోసం..."

రెండోది పక్కటెముకల మీద పడింది. లోపల ఏదో విరిగిన చప్పుడు పరమేష్‌కు కూడా వినిపించింది.

"పిల్లల్ని ఎత్తుకపోయేటోడు దొరికిండు," అన్నారెవరో. టీ కొట్టు దగ్గరివాళ్లు ఉరికి వచ్చారు. బండ్లు ఆపినవాళ్లు వచ్చారు. కర్రలు, చెప్పులు, బెల్టులు. ముసలివాడి నోట్లోంచి నెత్తురు గడ్డం మీదికి కారింది. గోడ లోపల పిల్లలు గొల్లున ఏడుస్తున్నారు.

ఆయన తలను కాచుకోలేదు. రెండు చేతులతో బకెట్‌ను కావలించుకున్నాడు.

"నన్ను కొట్టుండ్రి. బకెట్ ఒలకబొయ్యకుండ్రి."

పిచ్చివాడనుకున్నారు. పరమేష్ ఒక్క తన్ను తన్నాడు. అన్నం, రొట్టె ముక్కలు, గుడ్డు పెంకులు గోడ పొడుగునా చెల్లాచెదురయ్యాయి. ముసలివాడు పాకుతూ వాటిని ఏరబోయాడు. ఆ వంగిన వీపు మీద మళ్లీ దెబ్బలు పడ్డాయి.

బడి పిల్లల ఆటో నడిపే నూరుద్దీన్ గుంపులోకి దూరాడు. "జర ఆగున్రి. సస్తడు ముసలాయన."

అతనే ఆయన్ను ఆటోలో వేసుకుని ఇంటి దగ్గర దింపి వచ్చాడు.

ఆ సాయంత్రం షాపుకు వచ్చిన ప్రతివాడూ పరమేష్ భుజం తట్టాడు. "మంచిగ బుద్ధి చెప్పినవ్."

ఆ తర్వాత ముసలివాడు గోడ దగ్గరికి రాలేదు. పిల్లలు మిగిలినదంతా సందులోంచి అవతల పారబోయసాగారు. మొదట ఒక కుక్క వచ్చింది. నెల తిరిగేసరికి గుంపు అయింది. తిండి కోసం ఒకదాన్నొకటి చెవులు తెగేలా కొరుక్కునేవి. మాస్టర్లు రాళ్లు వేస్తే కాస్త దూరం పోయి, మళ్లీ అక్కడికే వచ్చేవి.

ఒకనాడు మనీష డబ్బా పట్టుకుని సందు దగ్గరికి వెళ్లింది.

కేకలు షాపు దాకా వినబడ్డాయి. పరమేష్ ఉరికి వచ్చేసరికి పిల్ల నేల మీద ఉంది. ఒక కుక్క చేయి పట్టి ఈడుస్తోంది. ఇంకొకటి భుజంలోకి కోరలు దింపింది. రాడ్డుతో దాని నడుం విరగ్గొట్టాడు. అయినా పట్టు వదలలేదు. తల మీద మోదాడు. అది చచ్చాకే దవడ ఊడింది. పిల్ల తెల్ల చొక్కాలో తెలుపు మిగల్లేదు.

నూరుద్దీన్ ఆటోలోనే వనపర్తి దవాఖానకు తీసుకుపోయారు. చేతికీ భుజానికీ కుట్లు పడ్డాయి. పిల్ల బతికింది.

మర్నాడు కళ్లు తెరిచి తండ్రిని చూసింది.

"బాపూ, తాత ఉంటే కుక్కలు రాకపోతుండె."

"ఎందుకు రాకపోతుండె?"

"కింద పడ్డదంత ఏరి ఎత్తుకపోతుండె. ఒక్క మెతుకు ఉన్నా కుక్కలొస్తయి బిడ్డా అంటుండె."

పరమేష్ పిల్ల మీది దుప్పటి సర్దాడు. తర్వాత బయటికి వచ్చాడు.

"నూరు భాయ్, ఆ ముసలాయన్ను యాడ దింపినవ్?"

"దా, తోల్కపోత."

కొత్తకోటకు దూరంగా ఒక పల్లె, దాని చివర రేకుల ఇల్లు. వాకిట్లో ఐలేశం భార్య రామమ్మ చింతపండు గింజలు తీస్తోంది.

"పెద్దాయన ఉన్నడా అవ్వా?"

"పోయిండు బిడ్డా. మొన్ననే దినాలైనయి. లోపల నెత్తురు గడ్డకట్టిందన్నరు."

"ఎవరు కొట్టిన్రో చెప్పలేదా?"

"అడిగిన. పిల్లల తండ్రులు, భయం మీద కొట్టిన్రు, కేసు వద్దన్నడు."

ఆమె లేచి చెంబుతో నీళ్లు తెచ్చింది. "ఎండల వచ్చినవ్, తాగు."

పరమేష్ చెంబు అందుకుని పక్కన పెట్టాడు.

"రోజు అంత దూరం పోయి ఆ అన్నం తెస్తుండె గదా. మేకలకా?"

"మాకు మేకలు యాడియి బిడ్డా? తెచ్చి చెల్క చేన్ల గుంత తీసి పూడుస్తుండె."

రామమ్మ మళ్లీ గింజల ముందు కూర్చుంది.

"మా ఊరి బడి ఎనక పారబోసిన అన్నానికి మరిగిన కుక్కలు మా ఒక్క మనుమరాలిని పీక్కతిన్నయి. ఆ బడి మూసినంక మా ఊరి పిల్లలంత కొత్తకోట బడికే పోతున్నరని, ఆయన గూడ బకెట్ పట్టుకొని ఆడికే పోయెటోడు."